మార్షల్ జుకోవ్: హిట్లర్ సైన్యాన్ని ఓడించిన రష్యా సేనాని.. సొంత పాలకులే ఆయన్ని చూసి ఎందుకు భయపడ్డారు?

1945 మే నెల. బెర్లిన్‌లో జర్మనీ సైన్యం లొంగుబాటును సోవియట్ యూనియన్ తరఫున స్వీకరించింది ఆయనే. ఆ తర్వాతి నెలలో మాస్కోలోని రెడ్ స్క్వేర్‌లో తెల్ల గుర్రమెక్కి విజయోత్సవ కవాతు వందనం అందుకున్నదీ ఆయనే.

సరిగ్గా ఏడాది తిరిగింది. అదే జూన్ నెల, అదే మాస్కో. ఈసారి ఆయన ఒక సమావేశంలో ముద్దాయిలా నిలబడాల్సి వచ్చింది. కుట్ర చేస్తున్నారన్నది ఆరోపణ. ఆరోపణ వెనక ఉన్నది స్వయంగా స్టాలిన్.

ఆయన పేరు గియోర్గీ కాన్‌స్టాంటినోవిచ్ జుకోవ్. రెండో ప్రపంచ యుద్ధం గురించి ఏ వీడియో చూసినా, ఏ సినిమా చూసినా ఎక్కడో ఒక చోట ఈ పేరు వినిపిస్తుంది. యుద్ధంలో ఆయన ఏం చేశారో చాలామందికి తెలుసు. యుద్ధం అయిపోయాక ఆయనకు ఏం జరిగిందో తెలిసినవాళ్లు మాత్రం తక్కువ.

కష్టం వచ్చిన ప్రతిసారీ పిలవడం, కష్టం తీరగానే పక్కన పెట్టడం.. జుకోవ్ జీవితమంతా ఇదే కథ.

చెప్పులు కుట్టే ఇంట్లో పుట్టి..

మాస్కోకు నైరుతి దిక్కున కలూగా ప్రాంతంలో స్ట్రెల్కోవ్‌కా అనే చిన్న ఊరు. 1896 డిసెంబర్ 1న జుకోవ్ అక్కడే పుట్టారు. తండ్రి కాన్‌స్టాంటిన్ చెప్పులు కుట్టేవారు. ఆయన కూడా అనాథే, పసికందుగా ఉన్నప్పుడు ఎవరో దత్తత తీసుకుని పెంచారు. తల్లి ఉస్తీన్యా పొలం పనులకు, మూటలు మోసే పనులకు వెళ్లేవారు.

ఇల్లు ఎంత పాతదంటే ఒకసారి పైకప్పు కూలిపోయింది. మళ్లీ కట్టుకోవడానికి కలప కొనాలి, చేతిలో డబ్బుల్లేవు. ఉన్న ఆవును అమ్ముకోవాల్సి వచ్చింది.

ఊళ్లోని బడిలో మూడేళ్ల చదువు. అంతే. పన్నెండేళ్లు కూడా సరిగా నిండకముందే 1908లో మాస్కోలో ఉన్న మేనమామ దగ్గరికి పనికి పంపేశారు. మేనమామది జంతువుల బొచ్చుతో కోట్లు, టోపీలు కుట్టే వ్యాపారం. పొద్దున్నుంచి రాత్రి దాకా పని, తప్పు చేస్తే దెబ్బలు. అయినా రాత్రి తరగతులకు వెళ్లి చదువుకున్నారు. కొన్నేళ్లకు చేతిలో మంచి పని ఉన్న కుట్టు పనివాడిగా స్థిరపడ్డారు.

ఇంతలో మొదటి ప్రపంచ యుద్ధం వచ్చింది. 1915లో సైన్యంలోకి పిలుపు. గుర్రపు దళంలో చేరారు.

అక్కడ ఒక ఆసక్తికరమైన విషయం ఉంది. రాత్రి బడిలో చదివిన చదువుతో చిన్న స్థాయి అధికారి శిక్షణకు వెళ్లే అవకాశం ఆయనకు ఉంది. కానీ వద్దనుకున్నారు. యుద్ధం చూసిన పెద్ద వయసు సైనికులకు 19 ఏళ్ల కుర్రాడు ఆదేశాలివ్వడం బాగోదన్నది ఆయన ఆలోచన. మామూలు సిపాయిగానే వెళ్లారు.

ఒక జర్మన్ అధికారిని పట్టుకున్నందుకు సెయింట్ జార్జ్ క్రాస్ వచ్చింది. 1916లో గస్తీకి వెళ్లినప్పుడు మందుపాతర పేలి గుర్రం మీద నుంచి ఎగిరి పడ్డారు. వినికిడి దెబ్బతింది. రెండో సెయింట్ జార్జ్ క్రాస్ కూడా వచ్చింది.

విప్లవం వచ్చాక 1918లో రెడ్ ఆర్మీలో, ఆ మరుసటి ఏడాది కమ్యూనిస్టు పార్టీలో చేరారు. అంతర్యుద్ధంలో పోరాడారు. 1921లో తాంబోవ్ ప్రాంతంలో రైతుల తిరుగుబాటును అణచివేసిన దళాల్లోనూ ఉన్నారు. రైతు ఇంట్లోంచి వచ్చిన వ్యక్తికి ప్రభుత్వ పతకం తెచ్చిపెట్టింది ఆ పోరే.

26 ఏళ్లకే ఒక అశ్విక రెజిమెంట్‌కు కమాండర్ అయ్యారు. క్రమశిక్షణ విషయంలో చాలా కఠినం అన్న పేరు అప్పుడే వచ్చేసింది. ఆ పేరు చివరి దాకా పోలేదు.

తోటి సేనానులు ఒక్కొక్కరూ మాయమవుతుంటే..

1937లో స్టాలిన్ సొంత సైన్యం మీదే విరుచుకుపడ్డారు. అప్పట్లో సోవియట్ యూనియన్‌లో ఉన్న మార్షల్స్ ఐదుగురు. వాళ్లలో ముగ్గురు ప్రాణాలు కోల్పోయారు. తుఖాచెవ్‌స్కీని కాల్చేశారు. వేల మంది అధికారులు అరెస్టయ్యారు. కొందరిని చంపేశారు, కొందరిని లేబర్ క్యాంపులకు పంపారు.

జుకోవ్ మీద కూడా పార్టీ సమావేశంలో ఆరోపణలు వచ్చాయి. కింది అధికారులతో మొరటుగా ఉంటారని, అరెస్టయిన వాళ్లతో దగ్గరగా మెలిగారని. ఎలాగోలా బయటపడ్డారు.

పైవాళ్లు పోవడంతో కింద ఉన్నవాళ్లకు పెద్ద పదవులు వచ్చాయి. జుకోవ్ ఎదుగుదలలో ఆయన ప్రతిభ ఎంత ఉందో, ఈ ఖాళీల పాత్ర కూడా అంత ఉంది. ఈ మాట చెప్పకుండా ఆయన కథ చెబితే సగమే చెప్పినట్టు.

మంగోలియా ఎడారిలో తొలి విజయం

1939 వేసవిలో మాస్కో నుంచి పిలుపు వచ్చింది. ఆ రోజుల్లో అలాంటి పిలుపు వచ్చిందంటే వెనక్కి తిరిగి వస్తామో లేదో తెలియదు. కానీ జుకోవ్‌ను పంపింది జైలుకు కాదు, మంగోలియాకు.

మంగోలియా సరిహద్దులో ఖల్ఖిన్ గోల్ అనే నది ఉంది. అక్కడ జపాన్ సైన్యం చొరబడింది. రైల్వే స్టేషన్ నుంచి యుద్ధభూమికి 600 కిలోమీటర్లకు పైనే దూరం. ఫిరంగి గుండు దగ్గర్నుంచి వంట చెరకు దాకా అన్నీ లారీల్లోనే తేవాలి.

జులైలో జపాన్ దళాలు నది దాటాయి. పదాతి దళం వచ్చే దాకా ఆగే సమయం లేదు. జుకోవ్ ట్యాంకుల్ని ఒంటరిగానే దాడికి పంపించేశారు. చాలా ట్యాంకులు కాలిపోయాయి. కానీ జపాన్ దళాలు నది అవతలికి వెనక్కి వెళ్లాయి. గెలుపు కోసం ఎంత నష్టానికైనా సిద్ధపడటం.. ఆయన పద్ధతి ఏమిటో లోకానికి అక్కడ మొదటిసారి తెలిసింది.

ఆ తర్వాత అసలు ఎత్తుగడ. చలికాలం దాకా అక్కడే కూర్చుని రక్షణకే పరిమితమవుతామన్నట్టు నమ్మించారు. సైనికులకు రక్షణ పాఠాల కరపత్రాలు పంచారు. బంకర్లు కడుతున్నట్టు శబ్దాలు చేసే యంత్రాలు పెట్టారు. రాత్రిళ్లు మాత్రం దాదాపు 500 ట్యాంకుల్ని ముందుకు చేర్చారు.

ఆగస్టు 20, ఆదివారం. ఒక్కసారిగా దాడి. రెండు వైపుల నుంచి చుట్టేశారు. నెలాఖరుకల్లా జపాన్ 23వ డివిజన్ దాదాపు తుడిచిపెట్టుకుపోయింది. సోవియట్ వైపు చనిపోయినవాళ్లు కూడా దాదాపు 9,700 మంది.

ఈ యుద్ధం గురించి ప్రపంచం పెద్దగా పట్టించుకోలేదు. కానీ దీని ప్రభావం పెద్దది. ఉత్తరాన రష్యాతో పెట్టుకుంటే ఎలా ఉంటుందో జపాన్‌కు తెలిసొచ్చింది. చివరకు దక్షిణం వైపు, పసిఫిక్ వైపు తిరిగింది. 1941లో జర్మనీ దాడి చేసినప్పుడు జపాన్ వెనక నుంచి రాలేదు. ఆ నిర్ణయానికి వేరే కారణాలూ ఉన్నాయి, అందులో ఖల్ఖిన్ గోల్ ఒకటి.

జుకోవ్‌కు సోవియట్ వీరుడు బిరుదు వచ్చింది. 1940లో స్టాలిన్‌ను తొలిసారి నేరుగా కలిశారు. 1941 మొదట్లో జనరల్ స్టాఫ్ చీఫ్ అయ్యారు. అంటే మొత్తం సైన్యానికి ప్రణాళికలు వేసే పదవి.

జూన్ 22.. ఆ తెల్లవారుజాము

1941 జూన్ 22. జర్మనీ 30 లక్షలకు పైగా సైన్యంతో సోవియట్ యూనియన్ మీద పడింది.

దాడి జరుగుతుందని ముందే చాలా సమాచారం వచ్చింది. స్టాలిన్ నమ్మలేదు. సైన్యాన్ని అప్రమత్తం చేస్తే హిట్లర్‌ను రెచ్చగొట్టినట్టవుతుందని అనుకున్నారు. 21వ తేదీ అర్ధరాత్రి వేళ చివరికి ఆదేశం వెళ్లింది. చాలా యూనిట్లకు అది చేరేలోపే బాంబులు పడ్డాయి. మొదటి రోజే వందల విమానాలు నేల మీదే ధ్వంసమయ్యాయి.

తప్పు స్టాలిన్ ఒక్కరిదేనా? కాదు. జనరల్ స్టాఫ్ చీఫ్‌గా ఉన్న జుకోవ్‌కూ ఇందులో బాధ్యత ఉంది. సరిహద్దులో జర్మనీ అంత పెద్ద సైన్యంతో ఒకేసారి దెబ్బ కొడుతుందని అంచనా వేయలేకపోయారు.

జులై నెలాఖరులో స్టాలిన్‌కూ, జుకోవ్‌కూ మాటా మాటా పెరిగింది. కీవ్ నగరాన్ని వదిలేసి సైన్యాన్ని వెనక్కి తెచ్చుకోవాలి, లేకపోతే చుట్టుముట్టేస్తారు అన్నది జుకోవ్ వాదన. స్టాలిన్ మండిపడ్డారు. జుకోవ్ జనరల్ స్టాఫ్ చీఫ్ పదవి పోయింది.

సెప్టెంబర్‌లో కీవ్ దగ్గర జర్మన్లు నిజంగానే చుట్టుముట్టేశారు. లక్షల మంది సోవియట్ సైనికులు చనిపోయారు, బందీలయ్యారు. జర్మన్ లెక్కల్లో బందీలే 6 లక్షలకు పైన.

ఈలోపు జుకోవ్ ఖాళీగా లేరు. స్మోలెన్స్క్ దగ్గర యెల్న్యా అనే ఊరిని జర్మన్ల నుంచి వెనక్కి తీసుకున్నారు. యుద్ధం మొదలయ్యాక రెడ్ ఆర్మీకి దక్కిన తొలి గెలుపుల్లో అదొకటి.

ఎక్కడ మంటలుంటే అక్కడికి

అక్కడి నుంచి జుకోవ్‌ది ఒకటే పని. ఎక్కడ పరిస్థితి చేయిదాటుతుంటే అక్కడికి పరుగు.

సెప్టెంబర్‌లో లెనిన్‌గ్రాడ్. అంటే ఇప్పటి సెయింట్ పీటర్స్‌బర్గ్. నగరం శివార్లలో జర్మన్లు. విమానంలో వెళ్లి బాధ్యతలు తీసుకున్నారు. లిఖిత ఆదేశం లేకుండా వెనక్కి తగ్గిన కమాండర్లను, సైనికులను కాల్చేస్తామని ఉత్తర్వు ఇచ్చారు. జర్మన్ దాడి ఆగింది. హిట్లర్ కూడా ట్యాంకుల్ని మాస్కో వైపు మళ్లించి, ఈ నగరాన్ని ఆకలితో చంపాలనుకున్నారు. నగరం చిక్కలేదు. కానీ 872 రోజుల ముట్టడిలో లక్షల మంది పౌరులు తిండిలేక చనిపోయారు.

అక్టోబర్ మొదటి వారంలో మళ్లీ ఫోన్. ఈసారి మాస్కోకే ముప్పు వచ్చింది. వ్యాజ్మా దగ్గర సోవియట్ సైన్యాలు వలయంలో చిక్కుకున్నాయి. రాజధానికి దారి దాదాపు తెరుచుకుని ఉంది.

పరిస్థితి చూడ్డానికి జుకోవ్ కారులో బయల్దేరారు. దారిలో సొంత ఊరు కొద్ది కిలోమీటర్ల దూరంలోనే ఉంది. తల్లి, అక్క, ఆమె పిల్లలు అక్కడే ఉన్నారు. జర్మన్లు వస్తే జుకోవ్ తల్లి అని తెలిస్తే ఏం చేస్తారు? ఆ రోజు ఆగడానికి వీల్లేకపోయింది. తర్వాత మనిషిని పంపి వాళ్లను మాస్కో తీసుకొచ్చారు. ఆ ఊరు జర్మన్ల చేతికి చిక్కింది. వెళ్లిపోతూ వాళ్లు ఊరిని తగలబెట్టారు. ఆవును అమ్మి నిలబెట్టుకున్న కుటుంబం ఇల్లు కూడా కాలిపోయింది.

నవంబర్ మధ్యలో స్టాలిన్ ఆయన్ని సూటిగా అడిగారు, మాస్కోను నిలబెట్టగలమా అని. నిలబెడతాం, కానీ ఇంకో రెండు సైన్యాలు, 200 ట్యాంకులు కావాలన్నది జుకోవ్ జవాబు. సైన్యాలైతే ఇస్తామన్నారు. ట్యాంకులు మాత్రం లేవు.

జర్మన్లు మాస్కోకు దాదాపు 30 కిలోమీటర్ల దూరం దాకా వచ్చేశారు. చలి విపరీతంగా పెరిగింది. జర్మన్ సైనికులకు చలికోట్లు లేవు, ఇంజిన్లు గడ్డకట్టాయి. తూర్పు నుంచి తాజా డివిజన్లు సోవియట్ వైపు వచ్చి చేరాయి. డిసెంబర్ 5, 6 తేదీల్లో జుకోవ్ ఎదురుదాడి మొదలుపెట్టారు. నెల రోజుల్లో జర్మన్లు 100 కిలోమీటర్లకు పైగా వెనక్కి పోయారు. హిట్లర్ సైన్యానికి నేల మీద తగిలిన మొదటి పెద్ద దెబ్బ ఇదే.

తర్వాతి రోజుల్లో, ఇన్ని యుద్ధాల్లో ఏది ఎక్కువ గుర్తుంది అంటే జుకోవ్ మాస్కో పేరే చెప్పేవారు.

గెలిచిన చోట పేరు.. ఓడిన చోట మౌనం

1942 ఆగస్టులో స్టాలిన్ ఆయన్ని తనకు డిప్యూటీ సుప్రీం కమాండర్‌గా చేసుకున్నారు. అప్పటికి జర్మన్లు వోల్గా నది ఒడ్డున స్టాలిన్‌గ్రాడ్ దాకా వచ్చేశారు.

అక్కడ జుకోవ్, జనరల్ స్టాఫ్ చీఫ్ వాసిలెవ్‌స్కీ కలిసి ఒక ప్రణాళిక వేశారు. నగరం లోపల వీధివీధికీ పోరాడుతూ జర్మన్లను అక్కడే కట్టిపడేయడం. ఈలోగా దూరంగా రెండు పక్కలా బలగాల్ని రహస్యంగా చేర్చడం. జర్మన్ల పక్కలు కాసేది రుమేనియా దళాలు, అవి బలహీనం. నవంబర్ 19న ఉత్తరం నుంచి, 20న దక్షిణం నుంచి దాడి. నాలుగైదు రోజుల్లో వలయం పూర్తయింది. 1943 ఫిబ్రవరి 2 నాటికి అంతా అయిపోయింది. ఫీల్డ్ మార్షల్ పౌలుస్‌తో సహా దాదాపు 91 వేల మంది బందీలయ్యారు.

కానీ అదే సమయంలో మరో చోట ఏం జరిగిందో చాలాకాలం బయటకు రాలేదు. మాస్కోకు పశ్చిమాన ర్జెవ్ అనే పట్టణం. అక్కడి దాడిని జుకోవ్ స్వయంగా పర్యవేక్షించారు. ఆపరేషన్ మార్స్ అన్నది దాని పేరు. అది విఫలమైంది. దాదాపు 70 వేల మంది సోవియట్ సైనికులు చనిపోయారు, లేదా ఆచూకీ లేకుండా పోయారు. స్టాలిన్‌గ్రాడ్ గురించి ఊరూరా చెప్పుకున్నారు. ర్జెవ్ గురించి మాత్రం దశాబ్దాల పాటు ఎవరూ నోరెత్తలేదు.

1943 జనవరిలో జుకోవ్ మార్షల్ అయ్యారు. ఆ వేసవిలో కుర్స్క్ దగ్గర మరో పరీక్ష. ముందుగా మనమే దాడి చేద్దామన్న ఆలోచన కొందరిది. వద్దు, వాళ్లనే రానిద్దాం, వాళ్ల ట్యాంకుల్ని మన రక్షణ వరసల మీద అరగదీసి అప్పుడు కొడదాం అన్నది జుకోవ్ సలహా. స్టాలిన్ ఈసారి విన్నారు. జర్మనీ మళ్లీ తూర్పున పెద్ద దాడి చేయగలిగిన స్థితిలోకి రాలేదు.

బెర్లిన్: పందెంలా మారిన చివరి యుద్ధం

1945 జనవరిలో జుకోవ్ సైన్యాలు పోలండ్‌లోని విస్తులా నది నుంచి బయల్దేరాయి. మూడు వారాలు తిరిగేసరికి దాదాపు 500 కిలోమీటర్లు దాటి ఓడర్ నదికి చేరాయి. అక్కడి నుంచి బెర్లిన్ 60, 70 కిలోమీటర్లే.

ఏప్రిల్ 16న చివరి దాడి. జుకోవ్ ఒక కొత్త ప్రయోగం చేశారు. 140కి పైగా భారీ సెర్చ్‌లైట్లు వెలిగించి శత్రువు కళ్లు బైర్లు కమ్మేలా చేయాలనుకున్నారు. కానీ ఫిరంగుల దుమ్ము, పొగలో ఆ వెలుతురు తిరిగి సొంత సైనికుల కళ్లలోనే పడింది. ఎదురుగా జేలో కొండలు. జర్మన్లు అక్కడ కాచుకుని కూర్చున్నారు.

మరో పక్క నుంచి మార్షల్ కోనెవ్ దూసుకొస్తున్నారు. బెర్లిన్‌లోకి ముందు ఎవరు అడుగుపెడతారో చూద్దామన్నట్టు ఇద్దరి మధ్యా పోటీ పెట్టింది స్టాలినే. ఆ తొందరలో జుకోవ్ ట్యాంకు సైన్యాల్ని ముందుగానే దించేశారు. దారులు కిక్కిరిసిపోయాయి, నష్టం పెరిగింది. ఆ కొండలు దాటడానికే నాలుగు రోజులు పట్టింది.

ఏప్రిల్ 30న హిట్లర్ ఆత్మహత్య చేసుకున్నారు. మే 2న బెర్లిన్ లొంగిపోయింది. ఈ ఒక్క ఆపరేషన్‌లోనే సోవియట్, పోలండ్ సైనికులు దాదాపు 81 వేల మంది ప్రాణాలు వదిలారు. యుద్ధం ఇక కొద్ది రోజుల్లో అయిపోతుందని తెలిసిన రోజుల్లో.

మే 8 రాత్రి బెర్లిన్ శివారు కార్ల్స్‌హోర్స్ట్‌లో జర్మన్ ఫీల్డ్ మార్షల్ కైటెల్ లొంగుబాటు పత్రం మీద సంతకం చేశారు. సోవియట్ వైపు కూర్చున్నది జుకోవ్. మాస్కో గడియారంలో అప్పటికే తేదీ మారింది. అందుకే రష్యా ఇప్పటికీ విజయ దినోత్సవాన్ని మే 9న చేసుకుంటుంది.

జూన్ 24న వర్షంలో రెడ్ స్క్వేర్‌లో కవాతు. స్వాధీనం చేసుకున్న 200 జర్మన్ జెండాల్ని లెనిన్ సమాధి ముందు పడేశారు. కవాతును నడిపించిన మార్షల్ రొకొసోవ్‌స్కీ నల్ల గుర్రం మీద, వందనం అందుకున్న జుకోవ్ తెల్ల గుర్రం మీద.

అమెరికా జనరల్‌తో దోస్తీ

జర్మనీలో సోవియట్ ఆక్రమిత ప్రాంతానికి జుకోవ్ అధిపతి అయ్యారు. అమెరికా వైపు జనరల్ ఐసెన్‌హోవర్. ఇద్దరికీ బాగా కుదిరింది. ఆ ఆగస్టులో ఐసెన్‌హోవర్ మాస్కో వస్తే లెనిన్ సమాధి వేదిక మీదకు పిలిచి స్టాలిన్ పక్కన నిలబెట్టారు. విదేశీ సేనానికి అది అరుదైన మర్యాద.

ఇదే రోజుల్లో జుకోవ్‌కు కోకా కోలా తెగ నచ్చేసిందని చెబుతారు. కానీ అది అమెరికా డ్రింక్, సోవియట్ మార్షల్ బహిరంగంగా తాగితే బాగోదు. అందుకే రంగు లేకుండా, వోడ్కాలా కనిపించే సీసాల్లో ఆయన కోసం ప్రత్యేకంగా చేయించారట.

నవ్వుకోవడానికి బాగానే ఉంది. కానీ ఒక మార్షల్ ఏం తాగుతున్నారు, ఎవరితో స్నేహం చేస్తున్నారు అని గమనించే కళ్లు మాస్కోలో ఉన్నాయి.

తొలి పతనం: స్టాలిన్ దెబ్బ

1946లో వైమానిక దళ అధిపతి నోవికోవ్ అరెస్టయ్యారు. కస్టడీలో హింసించి ఆయన చేత జుకోవ్‌కు వ్యతిరేకంగా వాంగ్మూలం రాయించారు. విజయాలన్నీ తన ఖాతాలో వేసుకుంటున్నారు, స్టాలిన్‌ను తక్కువ చేసి మాట్లాడుతున్నారు, అసంతృప్తి ఉన్నవాళ్లను కూడగడుతున్నారు.. ఇవీ అభియోగాలు.

జూన్‌లో సైనిక మండలి సమావేశం. ఈ వాంగ్మూలాన్ని అక్కడ చదివి వినిపించారు. పార్టీ నాయకులు విరుచుకుపడ్డారు. మార్షల్స్ మాత్రం పూర్తిగా ఎదురు తిరగలేదు. ఆయన మొరటు మనిషే, పొగరు ఉంది, కానీ ద్రోహి కాదన్నట్టు మాట్లాడారు. బెర్లిన్ పందెంలో పోటీపడ్డ కోనెవ్ కూడా అప్పుడు అండగా నిలిచారు. బహుశా అదే ఆయన ప్రాణాలు కాపాడింది.

భూతల సేనల అధిపతి పదవి పోయింది. ఒడెస్సా సైనిక జిల్లాకు పంపారు. 1948లో ఇంకా దూరం, ఉరల్ ప్రాంతానికి. పేపర్లలో పేరు కనిపించడం దాదాపు ఆగిపోయింది.

ఈ మధ్యలోనే మరో దెబ్బ. రహస్య పోలీసులు ఆయన ఇంట్లో, డాచాలో సోదాలు చేశారు. 300కు పైగా బొచ్చు చర్మాలు, 4 వేల మీటర్లకు పైగా గుడ్డలు, 40కి పైగా తివాచీలు, పెయింటింగ్స్, వేట తుపాకులు దొరికాయి. అన్నీ జర్మనీ నుంచి వచ్చినవే. కొన్ని కొన్నానని, కొన్ని బహుమతులని జుకోవ్ వివరణ ఇచ్చుకున్నారు. అన్ని పోగేసుకోవడం తప్పేనని కూడా ఒప్పుకున్నారు. ఇలా తెచ్చుకున్న జనరల్స్ ఇంకా చాలామంది ఉన్నారు. సోదా జరిగింది మాత్రం ఎవరిని దించాలనుకున్నారో వాళ్ల ఇంట్లో. ఆ రోజుల్లోనే ఆయనకు గుండెపోటు వచ్చింది.

బెరియాను పట్టుకున్న రోజు

1953 మార్చి 5న స్టాలిన్ చనిపోయారు. జుకోవ్‌ను వెంటనే రక్షణ శాఖలోకి తీసుకున్నారు. ఎందుకంటే కొత్త నాయకులకు ఒక భయం ఉంది. రహస్య పోలీసు అధిపతి బెరియా. ఎవరి ఫైలు ఆయన దగ్గర ఉందో ఎవరికీ తెలియదు.

జూన్ 26. క్రెమ్లిన్‌లో నాయకుల సమావేశం. పక్క గదిలో జుకోవ్, జనరల్ మొస్కాలెంకో, మరికొందరు అధికారులు. సంకేతం రాగానే లోపలికి వచ్చి బెరియాను పట్టుకున్నారు. చీకటి పడే దాకా ఆగి, క్రెమ్లిన్ కాపలాదారులకు తెలియకుండా కారులో బయటకు తరలించారు. సోదాలు చేయించిన వ్యవస్థకు అధిపతిగా వెలిగిన మనిషి ఏడాది చివర్లో మరణశిక్షకు గురయ్యారు.

1955లో జుకోవ్ రక్షణ మంత్రి అయ్యారు. జెనీవా శిఖరాగ్ర సమావేశంలో పాత స్నేహితుడు ఐసెన్‌హోవర్‌ను మళ్లీ కలిశారు. ఇప్పుడాయన అమెరికా అధ్యక్షుడు.

ఈ కాలంలో చెప్పుకోవడానికి ఇబ్బందిగా ఉండే పనులూ ఉన్నాయి. 1954 సెప్టెంబర్ 14న తోత్స్కోయె దగ్గర జుకోవ్ నేతృత్వంలో సైనిక విన్యాసాలు జరిగాయి. నిజమైన అణుబాంబు పేల్చి, దాదాపు 45 వేల మంది సైనికుల్ని ఆ ప్రాంతంలో విన్యాసాలు చేయించారు. రేడియేషన్ గురించి వాళ్లకు సరిగా చెప్పనే లేదు. నోరు విప్పొద్దని సంతకాలు తీసుకున్నారు. 1956లో హంగేరీలో తిరుగుబాటును ట్యాంకులతో అణచివేసినప్పుడు కూడా రక్షణ మంత్రి ఆయనే.

1957 మొదట్లో మన దేశానికి కూడా వచ్చారు. నెహ్రూ ప్రధానిగా ఉన్న రోజులు. భారత్, బర్మా పర్యటన అది. రష్యాతో మన స్నేహం అప్పుడప్పుడే చిగురిస్తున్న కాలం.

రెండో పతనం: కాపాడినవాళ్లే..

అదే ఏడాది జూన్‌లో క్రుశ్చేవ్ కుర్చీకి ఎసరు వచ్చింది. మలెంకోవ్, మొలొటోవ్, కగనోవిచ్ కలిసి ఆయన్ని దించేయడానికి సిద్ధమయ్యారు. అత్యున్నత మండలిలో వాళ్లకే మెజారిటీ. అసలు నిర్ణయం సెంట్రల్ కమిటీ చేయాలని క్రుశ్చేవ్ పట్టుబట్టారు. కానీ సభ్యులు దేశమంతా చెల్లాచెదురుగా ఉన్నారు. జుకోవ్ సైనిక విమానాలు పంపి వాళ్లను మాస్కోకు చేర్చారు. క్రుశ్చేవ్ గట్టెక్కారు.

తన మాట లేనిదే ఒక్క ట్యాంకు కూడా కదలదన్న సంకేతం ఆ రోజుల్లో జుకోవ్ ఇచ్చారని చెబుతారు. ఆ మాటే ఆయన కొంప ముంచింది. నిన్న తనను కాపాడిన సైన్యం రేపు తననే దించితే? క్రుశ్చేవ్‌ను పట్టుకున్న అనుమానం ఇదే. సైన్యంలో పార్టీ ప్రతినిధుల పెత్తనాన్ని జుకోవ్ తగ్గిస్తుండటం ఆ అనుమానాన్ని ఇంకా పెంచింది.

నాలుగు నెలలు కూడా గడవలేదు. అక్టోబర్‌లో జుకోవ్‌ను యుద్ధనౌకలో యుగోస్లావియా పర్యటనకు పంపారు. అటు నుంచి అల్బేనియా. ఆయన లేని సమయంలో మాస్కోలో అంతా సిద్ధం చేశారు. తిరిగొచ్చిన రోజే, అక్టోబర్ 26న రక్షణ మంత్రి పదవి పోయింది. పార్టీ పెత్తనాన్ని కాదన్నారని, తన గొప్పలు చెప్పుకున్నారని ఆరోపణలు. 1946లో అండగా నిలిచిన కోనెవ్ ఈసారి ప్రావ్దా పత్రికలో ఆయనకు వ్యతిరేకంగా పెద్ద వ్యాసం ప్రచురించారు.

అప్పటికి జుకోవ్ వయసు 60. మరుసటి ఏడాది రిటైర్ చేసేశారు.

పుస్తకం కోసం చివరి పోరాటం

మాస్కో శివారులో డాచా. చేపలు పట్టడం, తోటపని. ఎవరు వచ్చి వెళ్తున్నారో నిఘా. అధికారిక యుద్ధ చరిత్రల్లో ఆయన పాత్ర కుదించుకుపోయింది. మాస్కో యుద్ధం గురించి రాసినా జుకోవ్ పేరు ఎక్కడో ఓ మూల ఉండేది.

1964లో క్రుశ్చేవ్ దిగిపోయాక కొంచెం ఊపిరి ఆడింది. 1965 మేలో విజయానికి 20 ఏళ్లైన సందర్భంగా క్రెమ్లిన్‌లో సభ. జుకోవ్‌ను ఆహ్వానించారు. ఆయన పేరు వినపడగానే హాలంతా చప్పట్లతో మారుమోగింది. అధికారం మర్చిపోయినా జనం మర్చిపోలేదని ఆ సాయంత్రం తేలిపోయింది.

ఆయన జ్ఞాపకాలు రాశారు. సెన్సార్ అధికారులు కత్తెర వేశారు. 1937 నాటి అరెస్టుల గురించి రాసింది చాలావరకు పోయింది. పైగా ఒక కొత్త షరతు. అప్పటి అధినేత బ్రెజ్నెవ్ పేరు పుస్తకంలో ఉండాలి. యుద్ధంలో బ్రెజ్నెవ్ ఒక రాజకీయ విభాగం కల్నల్ మాత్రమే. అంత పెద్ద మార్షల్ ఆ కల్నల్‌ను కలిసి సలహా అడగాలనుకున్నట్టు ఒక వాక్యం చేర్చాల్సి వచ్చింది. చదివిన ప్రతి మాజీ సైనికుడికీ అది ఎలా వచ్చిందో అర్థమైంది. అయినా జుకోవ్ తలొంచారు. లేకపోతే పుస్తకమే రాదు.

1969లో పుస్తకం వచ్చింది. జనం ఎగబడి కొన్నారు. సెన్సార్ తీసేసిన భాగాలతో పూర్తి రూపం బయటకు రావడానికి మరో 20 ఏళ్లు పట్టింది. అప్పటికి ఆయన లేరు.

1973 నవంబర్‌లో రెండో భార్య గలీనా క్యాన్సర్‌తో చనిపోయారు. ఆయన కంటే చాలా చిన్నది. ఆ దెబ్బ నుంచి ఆయన కోలుకోలేదు. 1974 జూన్ 18న, 77 ఏళ్ల వయసులో జుకోవ్ కన్నుమూశారు. చితాభస్మాన్ని క్రెమ్లిన్ గోడలో ఉంచారు.

హీరోనా? కఠినాత్ముడా?

నాలుగుసార్లు సోవియట్ వీరుడు బిరుదు అందుకున్న జుకోవ్ గురించి వాదన ఇంకా ఆగలేదు. మనుషుల ప్రాణాల్ని లెక్కచేయలేదని కొందరి విమర్శ. ర్జెవ్, జేలో కొండలు వాళ్లు చూపించే ఉదాహరణలు. ఆయన లేకపోతే మాస్కో నిలిచేదా అన్నది ఇంకొందరి ప్రశ్న. ఆ యుద్ధంలో సోవియట్ యూనియన్ కోల్పోయిన ప్రాణాలు దాదాపు 2 కోట్ల 66 లక్షలు. ఆ లెక్క ముందు ఏ విజయానికైనా తల దించుకునే మాట్లాడాలి.

ఒక విషయంలో మాత్రం వాదన లేదు. సొంతంగా అధికారం లాక్కోవడానికి జుకోవ్ ప్రయత్నించారనడానికి ఆధారం ఒక్కటీ బయటపడలేదు. స్టాలిన్ రహస్య పోలీసులు వెతికారు, క్రుశ్చేవ్ మనుషులు వెతికారు. ఇద్దరికీ దొరికింది తివాచీలు, బొచ్చు కోట్లు, మొరటు మాటల ఫిర్యాదులే. ఆయన చేసిన నేరమల్లా జనం ఆయన్ని ఎక్కువగా ఇష్టపడటమే.

సోవియట్ యూనియన్ కూలిపోయాక, 1995లో విజయానికి 50 ఏళ్లైన సందర్భంగా మాస్కోలో ఆయన విగ్రహం పెట్టారు. గుర్రం మీద, కవాతులో ఉన్నట్టే. కాకపోతే అది రెడ్ స్క్వేర్ లోపల లేదు. దాని ప్రవేశం బయట, హిస్టారికల్ మ్యూజియం ముందు ఉంది.